గేటు ముందు బంతి భోజనం

నా చిన్నప్పుడు, పట్టుదారం ధర పడిపోయిన ఏడాది, మదనపల్లె శివారులో మా అమ్మ పనిచేసే దారం ఫ్యాక్టరీ మూతపడింది. తేదీలు రాసిపెట్టుకోవడం నాకు ఆ తర్వాత వచ్చిన అలవాటు; అది శుక్రవారమని మాత్రమే చెప్పగలను. పనివాళ్లకు మూడు నెలల జీతం రావాలి. లోపలి యంత్రాలు తరలిపోతే ఆ జీతం ఇక రాదని అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం యంత్రాలు ఎక్కించుకున్న లారీ గేటు దాకా వచ్చింది. అమ్మతోపాటు పనిచేసే పక్కింటి అక్క కేకలు వేయలేదు, రాళ్లు పట్టలేదు. దారికి అడ్డంగా విస్తరాకులు పరిచి, రాగి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి వడ్డించింది. ఆడవాళ్లం, పిల్లలం వరుసగా కూర్చున్నాం. బంతిలో చివరి మనిషి తినడం ముగించేదాకా ఎవరూ లేవకూడదన్నది మా వైపు మర్యాద. ఆ చివరి మనిషిగా అక్క నన్ను ఎంచుకుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటానని ఇంట్లో రోజూ తిట్లు తినేదాన్ని.

మేనేజరు పరుగున వచ్చాడు.

"లేయండమ్మా, బండి పోవాల!"

"పాప ఇంకా తింటాండాది సార్. అది సెయ్యి కడిగితే లేస్తాం," అంది అక్క.

"ఎంతసేపు తింటాది?"

"వాళ్లమ్మకే తెలీదు. మీరు సదువుకున్నోళ్లు, లెక్కేసి సెప్పండి."

బంతి అంతా నవ్వింది. బండి తోలమని ఆయన డ్రైవరు మీద అరిచాడు. డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు.

"కూటి కాడ మనుసుల్ని లేపేది నా వల్ల కాదు సార్. అమ్మా, నాకూ ఒక ముద్ద ఎయ్యండి."

బండి కదలదని తెలిసి, పొద్దు వాలేసరికి యజమానే వచ్చి, జీతాల డబ్బు తెప్పించి, గేటు దగ్గరే అందరికీ పంచాడు. అప్పుడు నేను చెయ్యి కడుక్కున్నాను. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకోలేదు. అక్క కుప్పంలో వేరే పని వెతుక్కుంది.

ఆకలిగా ఉన్నవాళ్లే ముందు తొందరపడి లేస్తారని యజమానుల ధీమా. తొందర వాళ్లదేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు పుంగనూరులో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీని, మార్కెట్ బాగాలేదంటూ, నెలాఖరుకు మూస్తామంటున్నారు. ముందు రాజీనామా ఇవ్వండి, బకాయిలు తర్వాత చూద్దామని నిన్న మేం పనిచేసే చోటికే వచ్చి చెప్పారు. నాకు రావలసినది పైసలతో సహా చెప్పాను. అది చేతిలో పడ్డాకే లేస్తానన్నాను. నా వెనుక కుట్టుమిషన్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు.