టీచరమ్మ ఏడుపు ఆట

ఆ కాలంలో ఒక ఆడపిల్ల టీచరు ట్రైనింగు పూర్తి చేసి వచ్చిందంటే, మా ఉదయగిరి వైపు జనం ప్రత్యేకంగా చూడటానికి వచ్చేవాళ్లు. చూసి, పెదవి విరిచి పోయేవాళ్లు. మా మామ పోరు పడలేక నాయన నన్ను నెల్లూరులో చదివించాడు గానీ, ఆత్మకూరులో ఉద్యోగం వచ్చిందనేసరికి ఆయనకు మనసొప్పలేదు. “వారం ఉండి చూడమ్మే. శనివారం నేనొస్తా. కుదరలేదంటే పెట్టె సర్దుకో, పోదాం. నలుగుర్లో నవ్వులపాలయ్యే పని మాత్రం పెట్టుకోబాక” అన్నాడు. నేను నవ్వేశాను. ఆటపాటలతో చదువు చెప్పే పద్ధతంతా నాకు కంఠతా వచ్చు, ఇక నవ్వులపాలయ్యేది ఎట్లా? (అసలు పసిపిల్లలతోనే నాకు పరిచయం లేదు. ఇంట్లో నేనే ఆఖరుదాన్ని.)

ఆత్మకూరులో పిన్నమ్మ వాళ్లింట్లో దిగాను. బళ్లో నాకిచ్చింది శిశు తరగతి. సోమవారం బంకమట్టి తెప్పించి అక్షరాలు చేయమన్నాను. పిల్లలు లడ్లు చేశారు, ఎద్దులు చేశారు, ఒకరి నెత్తిన ఒకరు పూసుకున్నారు. ఒకడు తిన్నాడు కూడా. పెద్దయ్యవారు వాకిట్లో నిలబడి చూసి, “ఆడుకునేదానికి బడెందుకమ్మా, వీధి ఉండాది గదా” అని వెళ్లిపోయాడు. మంగళవారం పాట ఎత్తుకున్నాను. ఒక పిల్ల అమ్మ కావాలని రాగం తీసింది. పక్కది అందుకుంది. కాసేపటికి తరగతి మొత్తం ఏడుపే. ఎవరిని సముదాయించాలో తెలియక నల్లబల్ల వెనక్కి పోయి, పైట నోట్లో కుక్కుకుని, “నాయనా, నన్ను తీసకపో” అని నేనూ ఏడ్చాను. ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

బయటికి వచ్చేసరికి ఎందుకో తరగతి నిశ్శబ్దంగా ఉంది. ఆ సందు దొరికింది చాలుననుకుని, ముక్కు తుడుచుకుని, అక్షరాలు రాసిన అట్టలు పిల్లల మెళ్లో కట్టి, నేను పులినన్నాను. పులి ఏ అక్షరం పేరు పిలిస్తే ఆ బిడ్డ దొరక్కుండా గోడ దాకా ఉరకాలి. ఇది ట్రైనింగులో చెప్పిన ఆట కాదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది. బుధవారం నుంచి పిల్లలు బడి వదిలినా ఇంటికి పోలేదు.

శనివారం పొద్దున నాయన వేరుశనక్కాయల మూటతో దిగాడు. పెద్దయ్యవారు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నా ఘనత చూపించుకోవాలని నాకూ ఆత్రం పుట్టి, “పిల్లలూ, మన ఆట తాతకు ఆడి చూపించండి” అన్నాను. బియ్యపు అంగడి వాళ్ల బిడ్డ, ముందు పళ్లూడిన బుడ్డక్క, చటుక్కున లేచి నల్లబల్ల వెనక్కి పోయింది. పావడ అంచు నోట్లో కుక్కుకుని భుజాలు ఎగరేస్తూ, “నాయనా, నన్ను తీసకపో” అని సన్నగా మూలిగింది. మిగతా పిల్లలంతా చేతులు కట్టుకుని, “ష్, టీచరమ్మ ఏడుస్తుండాది, మాట్లాడబాకండి” అని ఒకరి నోరు ఒకరు మూశారు. మంగళవారం నాటి నిశ్శబ్దం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. మూడు కాళ్ల మీద నిలబెట్టిన ఆ బల్ల కింద నుంచీ పక్కల నుంచీ నేను కనబడతాననే సంగతి నాకు తట్టనే లేదు.

పెద్దయ్యవారు దగ్గు తెచ్చుకున్నాడు. నాకు కాళ్ల కింద నేల చీలితే బాగుండుననిపించింది. నాయన మాత్రం నా వైపు చూడలేదు. “ఏడ్చినాక, ఆమైన ఏం జేసింది మీ టీచరమ్మ?” అని బుడ్డక్కను అడిగాడు.

“ముక్కు తుడుచుకోని పులి అయింది” అంటూ అది ఒక అట్ట తెచ్చి ఆయన మెడలో కట్టింది. “తాతా, పులి పిలిస్తే నువ్వు ఉరకాల.”

నాయన పంచె ఎగగట్టి పిల్లల మధ్య నిలబడ్డాడు. పులి వేషం బుడ్డక్కదే. “ఉ” అని అరిచింది. ఎవరూ కదల్లేదు. ఉ ఆయన మెడలోనే ఉంది. ఆయనకు చదువు రాదని నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. “నీ అక్షరం నీకే తెల్దా తాతా?” అని బుడ్డక్క ఆయన్ను పట్టేసుకుంది. పిల్లలు పగలబడి నవ్వారు. నాయన కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడటం చూశాను. నా ఏడుపు బయటపడిన సిగ్గు దీని ముందు ఏపాటి? చూపించుకోవాలనే నా ఆత్రం ఆయన్ను నలుగుర్లో నిలబెట్టింది. పెద్దయ్యవారు గబగబా అట్ట తీసి, “వారానికే పిల్లలు అక్షరాలు పట్టినారే” అని మాట మార్చాడు.

సాయంత్రం ఇద్దరం బస్సు దాకా నడిచాం. పెట్టె సర్దుకోమంటాడని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. “ఏడిస్తే ఏడిస్తివి,” అన్నాడు చివరికి, “మళ్లీ బల్ల ముందుకొచ్చినావు గదా. ఉండు.” బస్సుల దగ్గరికి వచ్చాక, “ఇంతకీ నాకిచ్చిందేం అక్షరం?” అని అడిగాడు.

“ఉ, నాయనా. ఉదయగిరికి మొదటి అక్షరం.”

ఎప్పుడూ కండక్టరును అడిగి ఎక్కే మనిషి, ఆ రోజు వరసగా ఆగిన బస్సుల ముందు బోర్డులను తలెత్తి చూసుకుంటూ పోయాడు. ఒకదాని దగ్గర ఆగి, వేలు చూపించి నా వైపు తిరిగాడు. తలూపాను. ఎవరినీ అడక్కుండా ఎక్కి కూర్చున్నాడు. ఇన్నేళ్ల తరవాత ఆ పంతొమ్మిదేళ్ల టీచరమ్మను తలుచుకుంటే నవ్వొస్తుంది. నాయన పరువు తీశానని ఇంకా కుమిలిపోతూ, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బస్సు కదిలితే చెయ్యి ఊపాలని కూడా ఆ పిల్లకు తోచలేదు.