తోడల్లుడి కంటే రెండు మెట్లెత్తు

మా తోడల్లుడి గృహప్రవేశంలో తిన్న పులిహోర నాకింకా అరగలేదు. రెండేళ్ళయింది. పులిహోర తప్పేం లేదు, ఆవ పెట్టి దివ్యంగా కలిపేరు. అరగనిది, ఆ విస్తరి ముందు కూర్చుని నేను విన్న అంకె.

మా వైపు కొత్తిల్లు చూడ్డానికి వెళ్ళినవాడు గోడలూ కిటికీలూ తర్వాత చూస్తాడు. ముందు "ఎంతైందండీ?" అని అడుగుతాడు. అది మర్యాద. అడక్కపోతే, వచ్చేడు, తిన్నాడు, ఓ మాటడిగిన పాపాన పోలేదని ఏడాది పాటు చెప్పుకుంటారు. అడిగినవాడికి నిజం చెప్పకపోవడమూ మర్యాదే. చేబదులు అడుగుతారేమోనని భయపడేవాడు తగ్గించి చెప్తాడు. వియ్యంకుడు వింటున్నాడనుకున్నవాడు కలిపి చెప్తాడు. చెప్పినవాడి మొహం చూసి అసలంకె పట్టుకోవడం మన పని. ఈ విద్యలో నాది పాతికేళ్ళ అనుభవం. గోదారికి ఇటుపక్క నన్ను మించినవాడు లేడని నా నమ్మకం.

మా తోడల్లుడు చేతిలో గరిట ఆపకుండానే, "తొమ్మిదిన్నరలో అయిపోయిందండి అన్నయ్యగారూ" అన్నాడు.

నేను మొహం చూసేను. కలపడానికి గానీ తియ్యడానికి గానీ అందులో ఏమీ లేదు. తొమ్మిదిన్నర లక్షలంటే తొమ్మిదిన్నర లక్షలే.

తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. అంబాజీపేటలో ఓ కొబ్బరికాయల కొట్లో గుమాస్తా. నేను అమలాపురంలో ప్రైవేటు స్కూల్లో సోషల్ మేష్టార్ని. ఆయన జీతం కంటే నా జీతం రెండు వేలు ఎక్కువ. ఆ రెండు వేల మీదే మా మావగారింట్లో పదిహేనేళ్ళుగా కాలు మీద కాలేసుక్కూర్చుంటున్నాను. ఇప్పుడు ఆ కాలు దించాల్సొచ్చింది.

కొత్తపేట దగ్గర తన కొబ్బరితోట అంచున మావగారు కూతుళ్ళిద్దరికీ చెరో నాలుగు సెంట్లు రాసిచ్చేరు. పెద్దల్లుణ్ణి కాబట్టి పడమటి ముక్క నాది, తూర్పుది ఆయనది. ఆయన ముక్కలో రెండు గదులు, వంటిల్లు, వరండా లేచేయి. నా ముక్కలో రెండు కొబ్బరి మోళ్ళూ, ఎవరిదో ఓ గేదే ఉన్నాయి.

మా దగ్గర డబ్బు లేదని కాదు. జీతంలో పోగేసిందీ, పాడిన చీటీలూ, మా ఆవిడ గాజులమ్మిందీ కలిపి పన్నెండు లక్షలు. అంతే. పదమూడో లక్ష ఈ భూమండలం మీద మా కోసం ఎక్కడా పుట్టలేదు. ఇంకోపక్క మేం అద్దెకుంటున్న వాటా దీపావళికల్లా ఖాళీ చెయ్యాలని ఇంటాయన చెప్పేసేరు. ఆయన కొడుక్కి పెళ్ళి, కోడలికి వాటా కావాలి. మా ఆవిడకి కావలసింది ఒక్కటే. మళ్ళీ ఇంకో అద్దెకొంపకి కాకుండా, ఎంత చిన్నదైనా సరే, చెల్లెలి పక్కన సొంత కప్పు కిందకి చేరడం. దానికోసం వాడపల్లి గుడికి ఏడు శనివారాలు మొక్కుకుని, ఆటోల్లో వేలాడుతూ తిరుగుతోంది. దేవుడి దగ్గర పని ఆవిడ చూస్తోంది, మేస్త్రీ దగ్గర పని నన్ను చూడమంది. అక్కడే పొరపాటు చేసింది.

గృహప్రవేశం రోజు భోజనాలయ్యేక నేను ఆ ఇల్లంతా తిరిగేను. ఎక్కడైనా ఓ పగులు కనిపిస్తుందేమోనని పోలీసు కుక్కలా వాసన చూసేను. తలుపులూ కిటికీలూ రావులపాలెంలో ఎవరో పడగొట్టిన పెంకుటింటివి, పాత టేకు. వాటికి రంగేస్తే దర్బారు తలుపుల్లా ఉన్నాయి. వరండాలో కూర్చుంటే గాలి. ఆ గాలి నా స్థలం మీంచే వస్తోందని, దాని అద్దె నాకు రావాలని గట్టిగా అనిపించింది. చివరికి బయటికొచ్చి మెట్లు చూసేను. మూడు. మూడే. నా ప్రాణానికి ఓ ఆసరా దొరికింది.

మా కోనసీమలో ఇల్లు కట్టడమంటే ముందు మెరక చెయ్యడం. రెండు గునపం పోట్లకి నీళ్ళు తగిలే నేల మాది. రోడ్డేసినప్పుడల్లా అదో జానెడు లేస్తుంది. అందుకని ప్రతివాడూ తనకంటే ముందు కట్టినవాడి మీద ఓ అడుగు ఎత్తు కడతాడు. ఇంటి వయసు ఎవర్నీ అడగక్కర్లేదు. మెట్లెక్కి లోపలికి వెళ్తే కొత్తిల్లు, మెట్లు దిగి వెళ్తే పాతిల్లు. మా తోడల్లుడు మూడు మెట్లు కట్టేడంటే నేను అయిదు కట్టాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు, ఊరి ధర్మం. నేను కాస్త ఉత్సాహంగా పాటించేనంతే.

ఆయన ఇల్లు కట్టిన మేస్త్రీనే నేనూ పిలిచేను. మేస్త్రీ నా స్థలం చూసి, పాత నేల మీంచే పునాది లేపుదామన్నాడు. చుట్టూ గోడ కట్టేక ఆ గోడల మధ్యలో మాత్రం మట్టి నింపితే చాలు, ఇంటి కిందే మెరక, ఖర్చు కలిసొస్తుందన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. "తమ్ముడుగారికీ అలాగే చేసేమండి" అని చివర్లో ఓ ముక్క కలిపేడు. దాంతో చెడింది. నేను తల అడ్డంగా ఊపి, ముందు స్థలం మొత్తం లేవాలి, నాలుగు సెంట్లూ నాలుగున్నర అడుగులు లేవాలి, పడమర ఎత్తు తూర్పు పల్లం ఉండాలని శాస్త్రం చెప్తోందన్నాను. శాస్త్రం నా అసూయకి అద్దె గొడుగులా దొరికింది. మేస్త్రీ నా కేసి ఓసారి, ఆ తూర్పింటి కేసి ఓసారి చూసి, "ఆయ్" అన్నాడు.

లంక మట్టి ట్రాక్టర్లు మొదలయ్యేయి. మొదటి పది ట్రాక్టర్ల మట్టి ఏమైపోయిందో తెలీదు, నేల తాగేసింది. అరవై దగ్గర నేను లెక్కపెట్టడం మానేసేను. జొన్నాడ వంతెన మీద లారీలన్నీ ఆగిపోయి మా ట్రాక్టర్లకి దారిచ్చేయని తర్వాత నేనే ప్రచారం చేసేను. మెరక పెరిగి గుట్టయింది. దాన్ని దాటబోయే కాకులు మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకునేవి. అక్కడితో ఆపేద్దామనుకున్న రోజు ఒకటుంది. ఆ రోజు సాయంత్రం మా తోడల్లుడు వరండాలో పడక్కుర్చీ వేసుకుని, వేయించిన వేరుశనగ్గుళ్ళు తింటూ కనిపించేడు. ఇంకో ఎనిమిది ట్రాక్టర్లు చెప్పేను.

పునాదుల వంతొచ్చేక నిజం బయటపడింది. పోసిన మట్టి మీద పునాది నిలబడదట. పోసిందంతా తవ్వుకుని పాత నేల దాకా దిగాలట. అంటే పోయించడానికి ఓ డబ్బు, పోయించింది తవ్వించడానికి ఇంకో డబ్బు. తవ్విన గోతుల గోడలు కూలితే మళ్ళీ తియ్యడానికి మూడో డబ్బు. గోతుల్లో ఊరిన నీళ్ళు తోడే మోటారుకి నాలుగోది. మేస్త్రీ ఈ ముక్క ముందే చెప్పేనన్నాడు. నిజంగానే చెప్పేడు, నేను మెట్లు లెక్కపెట్టుకుంటూ వినలేదు. వైశాఖం వెళ్ళేసరికి మూడున్నర లక్షలు భూమి కిందకి పోయేయి, భూమి పైన మాత్రం ఒక్క ఇటుకైనా లేదు. మా ఆవిడకి మాత్రం పని దివ్యంగా నడుస్తోందని చెప్పేను.

జ్యేష్ఠం చివర్లో ఓ తెల్లవారుజామున వాన కొట్టింది. పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి మా గుట్ట ఎలా ఉందో చూసుకోడానికి వెళ్ళేం. గుట్ట ఉంది. దాని మీద నీళ్ళన్నీ, వాటితో పాటు దాని పై పొరా తూర్పుకి దిగేయి. శాస్త్రం చెప్పినట్టే దిగేయి. మా తోడల్లుడి వాకిలి నిండా మోకాలి లోతు బురద. మోటారు సైకిలు చక్రాలు కనపడ్డం లేదు. పెరటి పొయ్యి దగ్గర కట్టెలు తేలుతున్నాయి. మూడు మెట్లలో రెండు మునిగేయి. ఆయన లుంగీ ఎగ్గట్టి, పారతో కాలవకి గండి తవ్వుతున్నాడు.

ఓ పోట్లాట జరుగుతుందని ఆశపడ్డాను. ఆయన నాలుగు మాటలంటే నేను ఎనిమిదని, పెద్దల్లుడి హోదాలో అలిగి వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన తలెత్తి చూసి, బురద మీద రెండు కొబ్బరి మట్టలు పరిచి, "అక్కడ జారుతుందండి అన్నయ్యగారూ, వీటి మీంచి రండి" అన్నాడు. అంతటి దుర్మార్గం నేనెక్కడా చూడలేదు. తిట్టివుంటే ఆ పూటతో పోయేది.

తిట్టే పని మా మరదలు తీసుకుంది. వరండాలోంచి, "బావగారూ, మీ మట్టి మా ఇంటికొచ్చిందండి. కాఫీ ఇచ్చి పంపించెయ్యమంటారా, ఉంచేసుకోమంటారా?" అంది. నేను నవ్వేను. నాతో ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ అప్పటికే చీర దోపుకుని, బేసిను తీసుకుని, చెల్లెలి వంటింటి గుమ్మం దగ్గర నీళ్ళు తోడుతోంది. నేను సాయం చేస్తానంటే నా వైపు చూడకుండానే, మీరు మీ గుట్ట చూసుకోండన్నారు ఇద్దరూ.

గుట్టెక్కి నిలబడ్డాను. తవ్వించిన గోతులన్నీ కూలి, నీళ్ళతో నిండి, చేపల చెరువుల్లా మెరుస్తున్నాయి. ఓ గంటకి మా ఆవిడ పైకొచ్చింది. మోకాళ్ళ దాకా బురద. గోతులన్నీ వరసగా చూసింది. ఎంతయిందని అడిగింది. చెప్పేను. అబద్ధం చెప్పడానికి మొహం కావాలి, అది కిందే వదిలేసి వచ్చేను.

"ఏమండీ, మనం ఇల్లు కడుతున్నామా, మా చెల్లెలి మీద గట్టేస్తున్నామా?"

శాస్త్రం ప్రకారం పడమర ఎత్తుండాలని ఏదో గొణిగేను.

"మెట్లు మీ ఇష్టమొచ్చినన్ని కట్టుకోండి. ఎక్కేక పడుకోడానికి పైన ఓ గది ఉండాలి కదా. దీపావళికి ఎక్కడికెళ్తాం?"

ఆవిడ గొంతు పెంచలేదు. చేతులు కడుక్కోడానికని ఆ గోతిలో నీళ్ళల్లోకి వంగింది. గాజులు లేని ఆ చేతులు చూసేక నాకు శాస్త్రం ఒక్క ముక్కైనా గుర్తు రాలేదు.

మేస్త్రీని మళ్ళీ పిలిచేం. ఈసారి మాట్లాడింది ఆవిడ. గుట్ట దించెయ్యాలి, తీసిన మట్టి చెల్లెలి వాకిలీ పెరడూ ఎత్తు చెయ్యడానికి వెయ్యాలి, రెండు స్థలాల మధ్యా నీళ్ళు కాలవలోకి పోయేలా బోదె తియ్యాలి, ఇల్లు పాత నేల మీంచి లేవాలి. ఈ చివరి ముక్క మేస్త్రీ మొదటి రోజు చెప్పిందే. ఆయన మంచివాడు, ఆ మాట పైకనలేదు, మీసంలో అనుకున్నాడు. పొక్లెయిను వచ్చి, నేను మూడు నెలలు పెంచిన కొండని రెండు పూటల్లో తినేసింది. మట్టి ఊరికే ఎలా తీసుకుంటామండీ అని మా తోడల్లుడు మొహమాటపడ్డాడు. ఉంచుకో తమ్ముడూ అన్నాను, చెయ్యి గాల్లో ఊపి. ఆ ఏడాదంతటికీ నేను గొప్పగా కనిపించింది ఆ చెయ్యి ఊపినంతసేపే.

నేల మట్టం తియ్యడానికి మేస్త్రీ నీళ్ళ గొట్టం తెచ్చేడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం, నిండా నీళ్ళు. ఓ చివర తూర్పింటి వరండా గచ్చు దగ్గర పట్టుకోవాలి, రెండో చివర మా గోడ దగ్గర. అటు మా తోడల్లుడు కూర్చున్నాడు, ఇటు నేను కూర్చున్నాను. నీళ్ళు కాసేపు అటూ ఇటూ ఊగి, రెండు వైపులా ఒక్క ఎత్తులో ఆగేయి. ఎవరూ చూడకుండా నా చివర రెండంగుళాలు పైకెత్తేను. నీళ్ళు ఒప్పుకోలేదు. గొట్టంలో కిందకి జారి, సరిగ్గా ఆయన గచ్చు ఎత్తుకే వచ్చి కూర్చున్నాయి. మేస్త్రీ అక్కడే పెన్సిలు గీత గీసేడు.

పొక్లెయిను ఖర్చు కూడా పోగా మిగిలిన ఎనిమిది లక్షలకీ ఒక గది, వంటిల్లు, చిన్న వరండా వచ్చేయి. రెండో గది చోట ఇనప చువ్వలు పైకి వదిలించేను. ఎప్పటికైనా కడతామని ఆకాశానికి రాసిచ్చిన ప్రోనోటు అది. ఇంటాయన్ని బతిమాలి గడువు మీద ఇంకో పది రోజులు తీసుకుని, కార్తీకంలో పాలు పొంగించేం. వచ్చినవాళ్ళు వెళ్ళేక చూస్తే మా ఆవిడ కొత్త గచ్చు మీద వెల్లకిలా పడుకుని, శ్లాబు కేసి చూస్తోంది. అలా చాలాసేపు చూసింది. ఏం చూస్తున్నావన్నాను. "మనదేనా అని" అంది. ఆ పూట మాత్రం నాకెవరి మీదా అసూయ లేదు. పూట అంటే పూటే. సాయంత్రానికి మా తోడల్లుడు పడక్కుర్చీ వేసుకున్నాడు.

మొన్న నాకు ఇంకో దెబ్బ తగిలింది. నా లంక మట్టి పోసిన పెరట్లో ఆయన చక్రకేళి వేసేడు. అంత గెల నేను మా ఊళ్ళల్లో చూడలేదు. ఇద్దరు దింపేరు, మూడోవాడు సలహా ఇచ్చేడు. ట్రాక్టరు ట్రాక్టరుకీ డబ్బు కట్టి తెప్పించిన మట్టి నాది, గెల ఆయనది. ఆ గెలలోంచి కోసిన పెద్ద పళ్ళ అత్తాలు నాలుగు మరదలు బోదె దాటొచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్ళింది.

మా ఆవిడ ఒకటి వలిచి నా చేతిలో పెట్టి, ఎలా ఉందని అడిగింది. బెల్లప్పాకంలా ఉంది. ఇంకో రెండ్రోజులు ముగ్గితే బాగుండేదన్నాను. అని, రెండోది తీసుకున్నాను.