ఎడమవైపు వదులు

వరలక్ష్మీ వ్రతం నాటి పొద్దున దమయంతి కొత్త పట్టు జాకెట్టు ఎడమవైపు వదులైంది. కుడివైపు కాలేదు.

అమెరికాలోని ట్రాయ్‌కి వస్తూ అత్తగారు రాజేశ్వరమ్మ తెనాలిలో కుట్టించి తెచ్చిన జాకెట్టు అది. వారం కిందట తొడిగి చూస్తే అతికినట్టు సరిపోయింది. అందుకని ఆవిడ టైలర్ లక్ష్మీపతికి ఫోన్ కలిపి, "ఇంకా ఉతకనైనా లేదు, అప్పుడే సాగిందేమయ్యా" అని మొదలుపెట్టారు. "మీరిచ్చిన కొలత జాకెట్టు ప్రకారమేనమ్మా" అని అతను మొత్తుకుంటున్నాడు. పక్క గదిలోంచి దమయంతి, అదే ఊళ్లో ఉండే స్నేహితురాలిని, నాకు ఫోన్ చేసింది.

"పిన్నీసులు పట్టుకురా."

గొంతు పిన్నీసులడిగేలా లేదు.

నేను వెళ్లాక తలుపు గడియ వేసి చెప్పింది. ఆరేళ్ల కిందట రొమ్ములు పెద్దవిగా కనబడడానికి ఆపరేషన్ చేయించుకుందట. లోపల సెలైన్ నింపిన సంచులు. భర్త ఉమాకాంత్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎడమవైపుది కారిపోయింది.

డాక్టర్ దగ్గరికి నేనే డ్రైవ్ చేశాను. దమయంతి పళ్ల డాక్టర్ ఆఫీసులో ముందు టేబుల్ దగ్గర పనిచేస్తుంది. భయపడేవాళ్లకి ధైర్యం చెప్పడం తన పనే.

"ఏం కాదులే" అన్నాను.

"ఆ మాట రోజూ నేనే చెప్తాను. అందులో ఏమీ లేదు." పైట ఎడమవైపు గట్టిగా పట్టుకుంది. "లీక్ అవొచ్చు, చుట్టూ గట్టిపడొచ్చు, స్పర్శ పోవొచ్చు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు అని అన్నీ ముందే చెప్పారు. విమానంలో బెల్ట్ గురించి చెప్తుంటే విన్నట్టు విన్నాను. ఆ నీళ్లు గుండెలోకి పోతే?"

ఉప్పునీళ్లే కాబట్టి ఒంట్లో కలిసిపోతాయి, ప్రమాదం లేదన్నాడు డాక్టర్. కానీ ఖాళీ సంచి తీసేయాలి. కుడివైపు సంచి చుట్టూ కూడా గట్టిపడుతోంది. కొత్తవి పెట్టించుకుంటే మళ్లీ ఇవే రిస్కులు. పూర్తిగా తీయిస్తే మునుపటి రూపు రాకపోవచ్చు. ఏదో ఒకటి ఆలోచించుకుని చెప్పమన్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడగానే ఆఫీస్ నుంచి ఉమాకాంత్ ఫోన్. స్పీకర్ ఆన్‌లో ఉన్న సంగతి ఎవరూ చూసుకోలేదు.

"సెలైన్ లీకయితే డేంజరేం లేదన్నారా?"

రాజేశ్వరమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆవిడకి తెలిసిన సెలైన్ ఆస్పత్రిలో మంచం పక్కన వేలాడే సీసా.

"సెలైన్ ఎక్కించుకునేంత నీరసమా? నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అంటూ రాగిపిండి డబ్బా తీశారు. "ఎన్ని సీసాలు ఎక్కించారే?"

"రెండు" అంది దమయంతి. "ఒకటి కారిపోయింది."

తర్వాత కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. జావ అడుగంటకుండా నేను కలుపుతూ నిలబడ్డాను. ఆవిడ చాలాసేపు కోడలి వైపు చూడలేదు. స్టవ్ వైపు చూశారు.

"నొప్పుందా?"

"లేదు."

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

జావ గ్లాసు ముందుకు జరిపారు. దమయంతి తాగడం మొదలుపెట్టాక అడిగారు.

"సరే. మరి ఆ లక్ష్మీపతిని పొద్దుట్నించీ నాచేత అన్ని మాటలు అనిపించావేమే?"

"రెండూ తీయించేశాక కొత్త కొలతలు పంపాలిగా అత్తయ్యా, అతనికి సారీ అప్పుడు చెబుదురుగాని."