నాలుగు వేళ్ల సందు

మీ అమ్మ పొట్ట గురించి రాయడానికి నీకు సిగ్గెందుకే? మీ అమ్మను అడిగాను, రాయించుకోమంది. నానమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి.

మీ తమ్ముడు పుట్టిన మూడో రోజు నుంచి మీ అమ్మకు నడికట్టు నేనే కట్టాను. వేడినీళ్ల స్నానం కాగానే పాత నూలు చీర మడతపెట్టి, పొట్ట చుట్టూ తిప్పి, వీపుకు మోకాలు ఆనించి లాగి బిగించేదాన్ని. కట్టకపోతే పొట్ట జారుతుందని మా అత్త చెప్పింది. మణుగూరు పక్కన మా పల్లెలో ఏ బాలింతకైనా నన్నే పిలిచేవాళ్లు. నేను వేసిన ముడి సాయంత్రం దాకా వదులయ్యేది కాదు. అదే నాకు గొప్ప.

మూడు నెలలు దాటాక ఒకరోజు కట్టు విప్పి ఉండగా మీ అమ్మ మంచం మీద నుంచి లేచింది. పొట్ట నడిమధ్యలో నిలువునా గట్టులాగా పైకి తేలింది. పడుకోగానే అక్కడే గుంట పడింది. దగ్గరికెళ్లి అడిగాను.

"ఎన్ని దినాల సంది గిట్ల?"

"చానా దినాలైంది అత్తమ్మా. చెప్తే ఇంకా గట్టిగ కడ్తరని చెప్పలే."

ఆ రోజు నిజంగానే ఇంకా గట్టిగా కట్టాను!

మీ అమ్మది అడవిశాఖలో బీట్ ఆఫీసర్ కొలువు కదా. గుట్టలెక్కాలి, వాగులు దాటాలి. కాన్పు సెలవు రెండు నెలలే మిగిలింది. ఆమె చూస్తే గోడ పట్టుకుని నిలబడుతోంది. ఆపరేషన్ అంటారేమో, కొలువు పోతుందేమో అని ఏడుపు.

భద్రాచలం దవాఖానాకు బస్సులో వెళ్లాం. రోడ్డు మీద గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. అక్కడ వ్యాయామం నేర్పే డాక్టరమ్మ ఆమెను పడుకోబెట్టి తల కొంచెం లేపమంది. బొడ్డు మీద వేళ్లు ఆనిస్తే నాలుగు వేళ్లూ లోపలికి దిగాయి.

"కండరాలు రెండు పక్కలకు విడిపోయినయ్. గీ కట్టు ఎవరు కట్టిన్రు?"

నేను గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చున్నాను.

"నేనే కట్టుకున్న మేడం," అంది మీ అమ్మ.

డాక్టరమ్మ మీ అమ్మ వీపు మీద ముడి ఒరుసుకున్న మచ్చ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"గింత బిగ్గ కడితే ఒత్తిడంత కిందికి పోతది. దగ్గితే మూత్రం పడ్తుందా?"

మీ అమ్మ తల ఊపింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

"నానమ్మా, గిది గూడ రాయాల్నా?"

రాయి. సిగ్గుతోనే కదా మీ అమ్మ అన్ని రోజులు దాచింది.

తిరుగు బస్సులో అడిగాను. "నా పేరెందుకు చెప్పలే?"

"అందరి ముంగట మిమ్మల్ని అంటే నాకు మంచిగుంటదా? కాని గా చీర మళ్ల నా దగ్గరికి తేకుండ్రి."

తేలేదు. ఊపిరి వదులుతూ పొట్ట మెల్లగా లోపలికి బిగించడం, పక్కకు ఒరిగి చేతి ఆసరాతో లేవడం, బరువులు ఎత్తకపోవడం, ఇంతే వైద్యం. ఊపిరితో సందు పూడుతుందా అని నాకు లోపల అనుమానమే. అయినా ఆమె లేవబోతే చాలు, "పక్కకు ఒరుగు!" అని అరిచేదాన్ని.

"ఏందత్తా, కోడలు చాప మీద పండుకుంటే నువ్వు బిందెలు మోస్తున్నవ్?" అంది పక్కింటామె.

"అవ్, మోస్తున్న. నీ నడుమేమన్న నొస్తుందా?"

సెలవు అయిపోవడానికి పదిరోజుల ముందు మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ వేళ్లు ఆనించింది.

"రెండు వేళ్లు. ఇప్పుడు లోపల గట్టిపడ్డది. నౌకరికి పో, కాని కొన్నాళ్లు గుట్టలెక్కొద్దు. కాయితం రాసిస్తా."

"అమ్మా, గా కట్టు కట్టింది నేను," అన్నాను.

"తెలుసు పెద్దమ్మా. మీ ఊళ్ల ఇంకెవరికన్న కడ్తున్నవా?"

అప్పటికి ఇంకో ఇద్దరు బాలింతలకు కడుతున్నాను. వాళ్లిద్దరినీ ఆ వారమే దవాఖానాకు తోలాను.

మీ అమ్మ డ్యూటీలో చేరిన మొదటి రోజు నాకు ముద్ద దిగలేదు. పొద్దుగూకే వేళకు బూట్ల నిండా బురదతో వచ్చింది. నీళ్లయినా తాగనివ్వకుండా మంచం మీద పడుకోబెట్టాను. తల లేపమని, డాక్టరమ్మ నేర్పినట్టే వేళ్లు ఆనించాను.

"రెండే," అన్నాను.

"అయితే అన్నం పెట్టుండ్రి అత్తమ్మా," అంటూ పక్కకు ఒరిగి లేచింది.