ఫ్రిజ్ తలుపులో సగం సీసాలు

ఈ సంగతి పోయినేడే రాయాల్సింది. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడమే గానీ రాయడం రాదు. బతుకంతా మిరపకాయల తొడిమలు తీసిన చేతికి మా చర్చి పాస్టరమ్మగారు పలక పట్టించింది యాభై ఎనిమిదో ఏట. ఇవాళ బైబిలు తెరిస్తే పాత ఆస్పత్రి చీటీ జారిపడింది. దాంతోపాటే మా వదిన గుర్తొచ్చింది.

వదినంటే మా ఆయన అక్క. పక్కిల్లే. ఏడో తరగతి చదివింది, ఆ ఏడు తరగతులూ మా నెత్తిన మోపి తిరిగేది. ఆవిడ ఫ్రిజ్ తలుపులో గుడ్లు పెట్టే చోట చుట్టాల పిల్లలు జ్వరాలకి తాగి వదిలేసిన మందు సీసాలుండేవి, అన్నీ సగం సగం. ఎవరు దగ్గినా ఒకటి తీసి, ఊపి, మూతతో కొలిచి పోసేది. అదీ ఆవిడ వైద్యం.

నా మనవరాలికి అప్పుడు ఐదేళ్లు. తల్లి కూలికి పోతే నా దగ్గరే ఉండేది. నెలకోసారి గొంతు వాచి మెతుకు దిగేది కాదు. నిద్రలో నోరు తెరిచి ముసలాడిలా గురక. మిరప ఘాటన్నారు, ఐసన్నారు. గుంటూరులో డాక్టరుగారు గొంతులో దూదిపుల్ల తిప్పి, పరీక్ష చేయించి చెప్పారు: టాన్సిల్స్ గుంతల్లో, ముక్కు వెనక అడినాయిడ్లలో సూక్ష్మక్రిములు తిష్ఠ వేశాయట. మందు సగంలో ఆపితే లోపలివి మిగిలి మళ్లీ లేస్తాయట. పైన కోసిన తుంగ కలుపుకి మట్టిలో గడ్డ మిగిలినట్టన్నమాట. నర్సమ్మ తెలుగులో చీటీ రాసిచ్చింది. వదినే తనలో చదువుకుంది.

మూడో రోజుకి జ్వరం దిగింది.

"ఇక చాల్లేవే, వేడి చేస్తుంది. సీసా ఇటివ్వు."

"చీటీలో అట్లానే ఉందా వదినా?"

"లేకపోతే నువ్వు చదివి చెప్తావా?" అని ఇకిలించింది. ఇచ్చేశాను.

నెల తిరక్కుండా మళ్లీ గొంతు వాచింది. వదిన ఆ పాత సీసాలోదే పోసింది. అట్లా మూడుసార్లు. నాలుగోసారి డాక్టరుగారు కొత్త మందిచ్చి, "దీనికీ తగ్గకపోతే ఆపరేషనే" అన్నారు. పిల్ల నా కొంగు పట్టుకుని వదల్లేదు.

ఈసారీ మూడో రోజే వదిన చెయ్యి సీసా మీద పడింది. అప్పటికి పాస్టరమ్మగారి దగ్గర చదవడం కాస్త పట్టుబడింది; నేను పాత చీటీ తీసి ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను. "జ్వరం తగ్గినా పది రోజులూ ఆపకూడదు. మిగిలింది దాచకూడదు."

"ఇది నీకు కనపడలా వదినా?"

"కనపడింది. వాళ్లు అట్లానే రాస్తార్లే," అన్నది, కాస్త కూడా తొణక్కుండా.

నాకు అక్షరాలు రావడానికి యాభై ఎనిమిదేళ్లు పట్టింది. ఆవిడకి చిన్నప్పటి నుంచీ వచ్చి ఏం ఒరిగింది?

మర్నాడు పొద్దున, జ్వరం లేక గంతులేస్తున్న పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని నాలుగో రోజు మందు పోశాను.