ఎడమ కంటి ఎరుపు

పొద్దున్నే దుకాణం తలుపు తీశాక పిన్ని చేసే మొదటి పని, దారపు ఉండల పళ్ళేన్ని గడప దాకా తెచ్చి వెలుతురులో పెట్టుకోవడం. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో ఒక్కో రంగునీ పలకరిస్తున్నట్టు చూసేది. ఇస్త్రీ బల్ల దగ్గరున్న బాబాయి ఊరుకునేవాడు కాదు.

"అంత గురి చూస్తున్నావ్, ఇవాళ ఎవర్ని పడగొడతావేంటి?"

"నిన్ను పడగొట్టి ఇరవై ఏళ్ళయింది. ఇంకెవరు కావాలి?"

పిన్నిది రఫూ పని. కోటు మీద నిప్పురవ్వ పడినా, చొక్కా మేకుకు తగిలి చిరిగినా, అదే రంగు దారం వెతికి, పోగు కింద పోగు దూర్చి, చిరుగు ఎక్కడుందో కనిపెట్టలేనట్టు చేసి ఇచ్చేది. కాలేజీ అయిపోగానే నేను అక్కడికే వెళ్ళేదాన్ని. ఆవిరి ఇస్త్రీ సెగ, తడి ఉన్ని వాసన, మూలన నా స్టూలు, చేతిలో నవల. ఆ మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉండేవో!

ఒకరోజు టీచరమ్మ ఒకావిడ తన ఎర్ర కోటు తిరిగి తెచ్చింది.

"పనికి వంక పెట్టలేనమ్మా. కానీ ఇదేం ఎరుపు? మోచేతికి ఇటుక ముక్క అతికించినట్టుంది."

పిన్ని కోటును ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుంది. "రెండూ ఒకటేగా!" అని నా వైపు చూసింది.

"కాదు పిన్నీ," అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు తప్పంతా పక్కవాళ్ళదే. రంగులు పల్చన చేశారని దారాలమ్మేవాణ్ణి కడిగేసింది. ట్యూబులైటు మార్పించింది. నొప్పి లేదు, కంటి వెంట నీరు లేదు, ఇక కంటిని ఎవరు అనుమానిస్తారు? ఒకరోజు పిన్ని ఎడమ కంట్లో నలుసు పడి, ఆ కన్ను మూసుకోవాల్సి వచ్చింది. కుడి కంటికి పళ్ళెంలో ఎరుపులన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. ఎడమ కంటితో చూస్తే అవే ఎరుపులు ఉతికి ఉతికి వెలిసిపోయినట్టున్నాయి.

కంటి డాక్టరమ్మ మందు సీసా ఎర్ర మూతను ఒక్కో కంటికీ చూపించి, ఏ రంగో అడిగింది. తర్వాత స్కాన్ తీయించింది. కంటిగుడ్డు వెనక నుంచి మెదడుకు చూపును మోసుకెళ్ళే నరం ఫిల్ములో సన్నగా కనిపించింది. ఎడమవైపు నరం మీది పొర దళసరెక్కి గడ్డ కట్టింది.

"క్యాన్సరా?" అని అడిగాడు బాబాయి.

"ఒళ్ళంతా పాకే రకంలా లేదండీ. మెల్లగా పెరిగేదే. కానీ వదిలేస్తే నరాన్ని నొక్కి నొక్కి చూపంతా లాగేసుకుంటుంది."

"అయితే కోసి తీసేయండి," అంది పిన్ని.

"అది నరానికి అంటుకుపోయి ఉందమ్మా. తీయబోతే నరానికి రక్తం అందక మిగిలిన చూపూ పోవచ్చు. రేడియేషన్ కిరణాలు పెడదాం. ఉన్నది నిలబడొచ్చు. పోయింది తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను."

బస్టాపులో బాబాయి ఇంకో డాక్టర్ని చూద్దామన్నాడు.

"ఎందుకు? నేతలో కలిసిపోయిన పోగును లాగితే గుడ్డే పోతుందని నేను ఎంతమందికి చెప్పలేదు! ఆవిడా అదే చెప్పింది," అంది పిన్ని. "రంగు తెలియనిదాని చేతికి బట్ట ఎవరిస్తారు? అదీ నా బెంగ."

ఆరు వారాలు కిరణాలు పెట్టారు. తల కదలకుండా ముఖానికి సరిగ్గా అతుక్కునే వల ముసుగు చేశారు. దాని కంతల్ని పిన్ని వేలితో తడిమి చూసింది.

"నీ నోరు మూయించే గుడ్డ ఇన్నాళ్ళకి దొరికింది," అన్నాడు బాబాయి.

పిన్ని పగలబడి నవ్వింది. రోజూ ఆమె వెనక కిరణాల గది తలుపు మూసుకోగానే బాబాయి గోడవైపు తిరిగి నిలబడేవాడు.

ఆ తర్వాత అసలు యుద్ధం అలవాటుతో. సూది పట్టగానే కుడి కన్ను దానంతటదే మూతపడేది. "ఎడమది మూయి, ఎడమది!" అని ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కేక. "వినబడింది, చెవులు బాగానే ఉన్నాయి!" అని ఇక్కణ్ణించి ఇంకో కేక. కొన్ని నెలలు కుట్టిందానికన్నా విప్పిందే ఎక్కువ. బూడిదరంగు, నలుపు బట్టలతో మొదలుపెట్టి, మెల్లగా నీలాలకూ ఆకుపచ్చలకూ వచ్చింది. ఎరుపుల్ని మాత్రం చాలా రోజులు పక్కన పెట్టింది.

ఇప్పుడు పిన్ని అన్ని రంగులూ కుట్టేది కుడి కంటితోనే. ఎడమ కంటికి రంగు తిరిగి రాలేదు గానీ, మనుషుల ఆకారాలు తెలుస్తాయి. ఏడాదికోసారి స్కాన్‌కి వెళ్తుంది. పోయిన నెల తీసిన దాంట్లో గడ్డ పెరగలేదు.