మంట వాలిన వైపు

అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీ కంట్రోల్ రూముకి మూడు నెలలకోసారి స్టోర్స్ నుంచి కొత్త లాగ్‌బుక్కులు వస్తాయి. గట్టి అట్ట, వీపున ఎర్ర గుడ్డ. మొదటి పేజీ తెరవగానే బైండింగ్ జిగురు వాసన, మైదా ఉడికించినట్టు కాస్త పుల్లగా. మొన్న ఉదయం షిఫ్టులో ఆ వాసన తగలగానే పెన్ను పక్కన పెట్టి, గాలి ఎటు వీస్తోందోనని కిటికీలోంచి చూశాను. నా ఉద్యోగంలో గాలితో పని లేదు. మా పుస్తకంలో ఒత్తిడికీ, వేడికీ, ట్యాంకు మట్టానికీ గడులు ఉన్నాయి, గాలికి లేదు. అయినా చూశాను. ఆ అలవాటు నాకు నూకరాజు మావయ్య వల్ల వచ్చింది.

తొంభైల చివర మేం మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేన్ ఆపరేటరుగా కుదురుకున్నారు. నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి, అప్రెంటిస్‌గా చేరవలసిన నెలలోనే దగ్గితే నెత్తురు పడింది. క్షయ అన్నారు. డాక్టరు చెప్పినవి అలవాటు ప్రకారం కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, ఆరు నెలలు మాత్రలు మింగాలి. రెండు, మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఆ మాత్రలకు లొంగకపోవచ్చు. మూడు, మొదటి కొన్ని వారాలు విడిగా పడుకోవాలి. అమ్మ మూడోదాన్ని ఆరు నెలలకూ పొడిగించి, నన్ను మేడ మీది రేకుల గదిలో పెట్టింది. వీధిలో అందరికీ టైఫాయిడ్ అని చెప్పింది.

మొదటి నెలలో పైకప్పు రేకులకున్న బోల్టులు లెక్కపెట్టాను. నలభై ఆరు. రోజూ లెక్కపెట్టాను, రోజూ నలభై ఆరే. నాతో చదువుకున్నవాళ్ళు ట్రైనింగులో చేరిపోయారు. స్నానం ఒకరోజు మానాను, తర్వాత మూడు రోజులు మానాను. పగలూ నిద్రే. అమ్మ పిట్టగోడ మీద పెట్టిన కంచం సగం సగం తిరిగి వెళ్ళేది.

మా మేడకీ ఎదురు మేడకీ మధ్య ఇరుకు సందు. ఆ ఎదురు మేడ నూకరాజు మావయ్యది. కొండ మీద సిగ్నల్ స్టేషన్‌లో ముప్పై ఏళ్ళు ఓడలకు జెండాలు ఎగరేసి రిటైరైన మనిషి. భార్య పోయింది, కూతురు గాజువాకలో ఉండేది. ఒక ఉదయం ఆయన గొంతు సందు దాటి వచ్చింది.

"ఏటల్లుడూ, నిన్ను ఆ మంచానికి మేకులెట్టి కొట్టీసినారేటి?"

"ఒంట్లో బాగాలేదు మావయ్యా. టైఫాయిడ్."

"టైపాయిడ్‌కి ఆ ఎర్ర మాత్తర్లేటి? నా తమ్ముడు మింగినాడ్రా అయ్యి. ఇప్పుడు జాలరిపేటలో వల లాగుతన్నాడు, నాకంటే దుక్కలాగున్నాడు. ఎవులికీ సెప్పన్లే."

ఆ వారమే ఆయన ఒకేలాంటి రెండు పుస్తకాలు బైండింగ్ చేయించి, ఒకటి పురికొసతో కట్టి మా మేడ మీదికి విసిరారు. ఇంకా జిగురు వాసన పోలేదు. గళ్ళు ఆయనే గీశారు: గంట, గాలి, ఓడ కూతలు, తిన్నది, మాత్ర. చివర రెండు గడులు, ఛార్జి ఇచ్చినవారు, తీసుకున్నవారు. మా మేడ మీంచి సముద్రం కనపడదు, కొండ అడ్డం. కానీ ఓడల కూతలు వినపడతాయి, రిఫైనరీ చిమ్నీ మీద మంట కనపడుతుంది. మంట వాలే వైపును బట్టి గాలి రాయాలి.

ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా డ్యూటీ నాది. పన్నెండు నుంచి నాలుగు ఆయనది. నాలుగు నుంచి చీకటి పడేదాకా మళ్ళీ నాది, రాత్రికి ఆయనది. మారేటప్పుడు పిట్టగోడ దగ్గర నిలబడి, రాసిందంతా పైకి చదివి "ఛార్జి ఇస్తున్నాను" అనాలి. అవతలివాడు "తీసుకున్నాను" అన్నాక, తీసుకున్నవారి గడిలో వాడి పేరు రాసుకోవాలి. ఆ మాట వినపడేదాకా కదలకూడదు. కొండ మీద అదే నియమమట.

"స్నానం సెయ్యకుండా డ్యూటీ ఎక్కకు. నాను ఒంటిగా ఉన్నా యూనిపారం తొడిగీవోణ్ణి. సూసీవోడు ఎవుడూ లేడు, కాకులు తప్ప."

నాకు నవ్వొచ్చింది. స్నానం చేశాను. గంట గంటకీ ఒక పని ఉండటంతో రోజుకి మళ్ళీ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చాయి. నెలన్నర అలా బాగానే గడిచింది.

మూడో నెలలో, నేను చేరవలసిన బ్యాచికి పోస్టింగులు కూడా అయిపోయాయని తెలిసింది. అప్పటికే మాత్రలతో వికారం. ఇక ఎవరికోసం మింగాలి అనిపించింది. మాత్రను దిండు గలీబులో దోపి, మింగానని రాశాను. ఒకసారి అబద్ధం రాశాక మిగతావి రాయడం తేలిక. మంచం మీంచి లేవకుండానే నాలుగు గంటల గడులూ నింపేసేవాణ్ణి. గాలి నిన్నటిదే, కూతలు సుమారుగా. ఫ్యాక్టరీల్లో దీన్ని టేబుల్ రీడింగ్ అంటారు. ఆ పేరు నాకు తర్వాత తెలిసింది.

నాలుగో రోజు పన్నెండింటికి పిట్టగోడ దగ్గర చదివాను. గాలి నైరుతి, నాలుగు గంటలూ నైరుతే.

ఆయన "తీసుకున్నాను" అనలేదు.

"అల్లుడూ, తలెత్తి సూడు. మంట పొద్దున్నించి కొండేపు వాలిపోతంది. నీ పుస్తకంలో ఏటున్నాదో దానికి తెలీదేటి?"

తలెత్తి చూశాను.

"ఓపాలి తుపానులో మూడ్రోజులు నన్ను మార్సీవోడు కొండెక్కలేకపోయినాడు. రెండో రోజు కునుకొచ్చీసింది. ఆ మూడు గంటల్లో ఏటి రాసినానో తెల్సా? సూళ్ళేదు, నిద్దరోయినాను, అని రాసినాను. ఆపీసరు తిట్టినాడు. తిట్టనీ. సూళ్ళేదని రాస్తే తర్వాతోడు జాగర్త పడతాడు. సూసినానని రాస్తే ఓడ మునుగుద్ది." గొంతు తగ్గించారు. "గాలి ఒక్కటేనా? ఆ అవతల గడి కూడానా?"

ఆయన అడుగుతున్నది మాత్ర గడి గురించేనని నాకు తెలుసు. నాలుగు రోజులని చెప్పాను.

"నువ్వు సచ్చిపోతే నాకు డబుల్ డ్యూటీ రా. ఈ వయసులో నా వల్ల కాదు. ఉన్నదున్నట్టు రాయి. రాసింది మీ అమ్మకి నువ్వే సదువు. అప్పటిదాకా నాను ఛార్జి తీసుకోను."

ఆయన ఎండలో అలాగే నిలబడ్డారు. నేను ఆ నాలుగు రోజుల మాత్ర గడులూ కొట్టేసి, వాటి పైన 'మింగలేదు' అని రాసి, మెట్ల దగ్గరికి వెళ్ళి అమ్మను పిలిచి చదివాను. అమ్మ మూడో మెట్టు మీద కూలబడింది. "చెప్పావు కదరా, అదే చాలు" అని చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు తిట్టి, మానేసిన నాలుగు రోజులూ చివర్న కలిపారు. అయితే అదంతా తర్వాతి సంగతి. అమ్మకి చదివి నేను వెనక్కి వచ్చేసరికి పన్నెండున్నర. మావయ్య చెమటలు తుడుచుకుంటూ, "తీసుకున్నాను. అరగంట లేటని కూడా రాయి" అన్నారు.

జబ్బు నయమైంది. తర్వాతి బ్యాచిలో నాకు సీటొచ్చింది. బయల్దేరిన ఉదయం ఎనిమిదికి ఆయన అలవాటుగా పిట్టగోడ దగ్గరికి వచ్చి, "ఛార్జి ఇస్తన్నాను" అన్నారు. కింద ఆటో హారన్ కొడుతోంది. చెయ్యి ఊపి పరిగెత్తాను. తర్వాత సెలవులకి ఎన్నిసార్లు వెళ్ళినా ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ట్రైనింగులో తిండెలా ఉంది, గాలెటు వీస్తంది అని అడిగేవారు, అంతే.

ఆయన పోయాక, ఆయన రాసుకున్న జత పుస్తకాన్ని కూతురు నాకు ఇచ్చింది. నేను వెళ్ళిపోయిన రోజు వరుసలో తీసుకున్నవారి గడి ఖాళీ. ఆ కింద నుంచి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అన్నీ ఆయన చేతిరాతే. గంటకి బదులు పూటకో వరుస చొప్పున, ఏళ్ళ తరబడి. చివరికి కళ్ళలో పొర వచ్చింది. అక్షరాలు గళ్ళు దాటాయి. ఆఖరి వరుసలో గాలి గడిలో ఇలా ఉంది: 'సూళ్ళేదు. సెంపకి తగిలింది. ఈశాన్యం.' దాని పక్కన, ఛార్జి ఇచ్చినవారు, నూకరాజు.

నేను మా మేడెక్కి, మంట ఎటు వాలిందో చూసి, కింది వరుసలో గాలి రాసి, ఆఖరి వరుసలో ఆయన పేరు పక్కన తీసుకున్నవారి గడిలో సంతకం పెట్టాను. నేను వెళ్ళిపోయిన రోజు తేదీ వేయలేదు. ఆ రోజు నేను తీసుకోలేదు. నిజంగా తీసుకున్న రోజు తేదీయే వేసి, పక్కన 'లేటు' అని రాశాను.